జానకి డిస్కు

మా చెల్లెలు మంగమ్మ ఇల్లు కోదాడ బస్టాండు వెనక. ముందు గదిలో పెళ్లిపత్రికలు కూర్చే కంప్యూటర్ ఉండేది. మా మరిది తిరుపతయ్య మొదటి భార్య జానకి నడిపినదది. ఆమె జ్వరంతో పోయాక ఆయన మంగను చేసుకున్నాడు. రోజూ పని కాగానే తెర మీద జానకి ఫోటో తెరుచుకుని కూర్చునేవాడు.

మాలో ఒక పద్ధతి. రెండో భార్య మెడలో మొదటామె పేరిట వెండి బిళ్ళ ఉంటుంది. కొత్త చీరకు పసుపు పెట్టి, ముందు ఆ బిళ్ళకు తాకించాకే కట్టుకోవాలి. తొంభై ఎనిమిది శ్రావణంలో నేను వాళ్ళింట్లో ఉండగా మంగ కొత్త చీర కట్టింది గానీ ఆ పని చేయలేదు.

"మొగుణ్ణి సగం ఇచ్చిన. సాలదా అక్కా? చీరలు గూడనా?" అంది.

ఆ పూటే కంప్యూటర్ లేవలేదు. లోపల టక్... టక్... అని చప్పుడు.

మిర్యాలగూడ నుంచి మెకానిక్ జవహర్ వచ్చాడు. బయట ముసురు, దీపాలవేళ. డబ్బా విప్పాడు. వైరు మార్చాడు. హార్డ్ డిస్కును పడుకోబెట్టి చూశాడు, నిలబెట్టి చూశాడు.

"పోయినట్టుందక్కా. దాన్లున్నయన్నీ ఇగ రావు."

"ఆమె ఫోటోలు గూడనా?" మంగ అడిగింది.

"అన్నీ."

మంగ ముఖం వెలిగింది. "పీడ పోయింది. కొత్తది ఎయ్యి తమ్మీ."

తిరుపతయ్య లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

జవహర్ వైర్లన్నీ పీకి, డిస్కును మంగ చేతిలో పెట్టాడు.

టక్... టక్...

"కరెంటు తీసినవా బిడ్డా?" గుసగుసగా అడిగాను.

అతను ఊడిన వైరు కొస ఎత్తి చూపించాడు.

గదిలో తడి జుట్టుకు పట్టిన సాంబ్రాణి వాసన. ఆ రోజు మేమెవరం తలంటుకోలేదు... మట్టపల్లి నరసింహస్వామిని తలుచుకున్నాను.

"మంగా, చీర బిళ్ళకు తాకియ్యే."

"ఇయ్య," అంది పళ్ళు బిగించి. "చీరా ఇయ్య. ఆయన్నీ ఇయ్య."

చప్పుడు ఆగింది.

జవహర్ కొత్త డిస్కు బిగించాడు. మంగ తేలికపడి, లోపలికి వినబడేలా అంది.

"జర ఆగుండ్రి. పొయ్యి ముట్టిస్త."

తిరుపతయ్య తడిచెయ్యి తుడుచుకుంటూ గడపలోకి వచ్చాడు.

"నాకొద్దు మంగా. జానకి పెట్టింది."

మంగ వంటింట్లోకి ఉరికింది. వెనకే నేను. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

నేల మీద పక్కపక్కనే రెండు కంచాలు... రెండూ ఎంగిలివే.