హైమ ఫోన్‌లో వదిన పాట

పొద్దున్న ఏడింటికి ముసునూరు తోటకు బయల్దేరబోతూ, చెప్పుల్లో కాళ్ళు పెట్టి కూడా నారాయణరావు గడప దగ్గర ఆగాడు.

"సీతా, హైమ నిన్న ఒక మాటంది. విజయవాడలో చూపులేని ఆడవాళ్ళకి హాస్టలేదో ఉందంట. కాయల సీజనైపోగానే అక్కడ చేర్పించమంటోంది."

మాగాయకు కాయలు చెక్కు తీస్తున్న సీతారావమ్మ తలెత్తింది. "ఎందుకంట?"

"ఎంత అడిగినా ఊరికేనే అంటోంది. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటానండీ! ఇరవై ఆరేళ్ళలో ఒక్క మాటన్నానా తనని?"

"అబ్బే, నిన్ననట్లేదు. నీకైతే చెబుతుందేమో కనుక్కో" అని బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

సీతారావమ్మకు ముందు కలిగింది తేలికదనం. ఎవరో వెనక నుంచి వచ్చి తలమీది గంప దించినట్టనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. గబగబా కాయలు చెక్కడంలో పడిపోయింది.

హైమ నారాయణరావు చెల్లెలు. పదకొండో ఏట వచ్చిన జ్వరం ఆమె చూపు పట్టుకుపోయింది. సీతారావమ్మ కాపురానికి వచ్చేసరికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇప్పుడు నలభై నాలుగు. తన పనులు తను చేసుకుంటుంది, బట్టలు మడతపెడుతుంది, గింజ గింజా తడిమి బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. అయినా ఒంటరిగా వదిలి వెళ్ళాలంటే సీతారావమ్మకు భయం. పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో, నూతి దగ్గర ఏం జరుగుతుందో! అలా ఎన్ని పెళ్ళిళ్ళు, పేరంటాలు మానుకుందో ఆమెకే తెలుసు.

వయసులో హైమ హార్మోనియం బాగా వాయించేది. దాని తిత్తుల్ని ఎలకలు కొరికేశాక మళ్ళీ కొనిపెట్టాలని ఎవరికీ తోచలేదు, ఆమె అడగనూ లేదు. రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న సీతారావమ్మ కూతురు కీర్తిప్రియ తన పాత ఫోను అత్తకిచ్చి, ముట్టుకుంటే మాట్లాడేలా అమర్చిపెట్టింది. సంగీతం చేసుకునే యాప్ కూడా ఒకటి వేసింది. అందులో ఎక్కడ వేలు పెట్టినా "బటన్, బటన్" అనడం తప్ప అదేం బటనో చెప్పేది కాదు. "బొత్తాల కొట్లో కూర్చోబెట్టావేంటే నన్ను" అని హైమ ఒకటే నవ్వు. తర్వాత హనుమాన్ జంక్షన్ నుంచి జోజిబాబు అనే చూపులేని కుర్రాడు తమలాంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇంకో యాప్ సంగతి చెప్పాడు. అందులో ప్రతిదీ తన పేరు తను చెబుతుంది. తంబురా, డోలు, ట్రాక్ మూడు, రెండు సెకన్లు వెనక్కి... అంతే, అప్పట్నుంచి వంటింటి గడప దగ్గర ముక్కాలి పీట వేసుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అదే లోకంగా ఉండేది. ఏదో ఆటలే అనుకుంది సీతారావమ్మ.

పదకొండింటికి పక్కవీధి రిబ్కమ్మ టీచర్ వచ్చింది. హైమకు చిన్నప్పుడు అక్షరాలు నేర్పిన మనిషి. రిటైరయ్యాక చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతోంది. వస్తూనే సీతారావమ్మ తడి చేతులు పట్టేసుకుంది.

"ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ సీతారావమ్మగారూ! నిన్నట్నుంచీ మా స్కూలు గ్రూపంతా మీ పాటే వింటోంది."

"నా పాటేంటండీ?"

టీచర్ ఫోను నొక్కింది. తంబురా మోగింది. దాని వెనక రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు, తాళంలాగా. ఆ తర్వాత ఒక ఆడగొంతు సన్నగా మొదలైంది.

*గాలీ గాలీ మెల్లగ రావే*
*కొమ్మన పిందెలు పసివే...*

వేసవిలో ఈదురుగాలి లేచినప్పుడల్లా చిన్నప్పుడు వాళ్ళమ్మ తోటలో నిలబడి పాడిన పాట. పాడుతున్నది మాత్రం తనే. సీతారావమ్మ మొహం ఎర్రబడింది. టీచర్ చేతిలో నాలుగు రసాలు పెట్టి, ఏదో మాట్లాడి పంపేసి, నేరుగా గడప దగ్గరికి వచ్చింది.

"ఎవర్నడిగి పంపావు హైమా?"

హైమ ఇయర్‌ఫోన్ తీసేసింది. "టీచర్ గారికొక్కరికే పంపాను వదినా. తాళం కుదిరిందో లేదో చెప్తారని. ఆవిడ ఇంకొకళ్ళకి పంపుతారనుకోలేదు."

"ఇంట్లో నూరుకుంటూ తోముకుంటూ నాలో నేను పాడుకునేది ఊరంతా వినాలా? నా గొంతు నీకు ఆటబొమ్మా?"

"తప్పే వదినా. నిజంగా ముందు రోటి చప్పుడు కోసమే ఫోను గడప మీద పెట్టి పెరట్లోకి పోయాను. అందులో నువ్వు పడ్డావు. విన్నాక తీసెయ్యబుద్ధి కాలేదు. నిన్నడగాల్సింది."

"ఇంకా ఏమేం పట్టి ఉంచావు? అన్నీ పెట్టు, వింటాను."

"అన్నీ వద్దులే వదినా."

"ఎందుకొద్దు? నేను వినకూడనిది ఏముంది అందులో?"

సీతారావమ్మ ఫోను లాక్కుంది. ఎక్కడ ముట్టుకున్నా అది ఏదో ఒకటి చెబుతూనే ఉంది గానీ, ఏదీ తెరుచుకోవడం లేదు.

"రెండుసార్లు తట్టాలి వదినా" అంది హైమ నెమ్మదిగా. "నువ్వు వినకుండా ఉండనంటే, అదే ఆ మొదటిది."

సీతారావమ్మ రెండుసార్లు తట్టింది. గిన్నెలు విసిరేసిన చప్పుడు. ఆ వెంటనే తన గొంతే, కసిగా:

"సొంత చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా పోలేని బతుకైపోయింది. ఈ గుడ్డిదాన్ని నా మెడకి కట్టావేంటి భగవంతుడా! నాకెప్పుడు విడుదల?"

తర్వాత ముక్కు ఎగబీల్చిన శబ్దం. కాసేపు ఏమీ లేదు. తర్వాత రోట్లో బండ కదిలింది. ఆ తర్వాత మెల్లగా, *గాలీ గాలీ మెల్లగ రావే...*

సీతారావమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. అది ఫిబ్రవరిలో సంగతి. జి. కొండూరులో చెల్లెలి కూతురి పెళ్ళి జరుగుతున్న రోజు. కాయల బేరగాళ్ళు వస్తారని నారాయణరావు ఎటూ కదలనన్నాడు; హైమను ఎవరు చూస్తారని తను ఆగిపోయింది. అంటే నాలుగు నెలలుగా ఈ పిల్లకు ఆ మాట తెలుసు. తెలిసీ రోజూ "వదినా, కాఫీ బావుంది" అంటూనే ఉంది.

"అందుకా హాస్టలంటున్నావు?"

"నీకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని వదినా. అంతే. నీ మీద నాకేం కోపం లేదు."

"ఎందుకు లేదే? ఉండాలి కదా!"

హైమ గాలిలో చెయ్యి చాచి వదిన భుజం వెతికి పట్టుకుంది. "మొదటిసారి విన్నప్పుడు ఏడ్చాను. కానీ నీ పాటల్లో అన్నిట్లోకీ ఆ రోజుదే బావుంది. మొదట్లో మాటలు ఎనిమిది సెకన్లు. అది కత్తిరించడానికి ఒక్కొక్క సెకనూ వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ ఎన్నిసార్లు విన్నానో. వినగా వినగా నాకు తెలిసిందేంటంటే, అంత విసుగులోనూ నువ్వు పచ్చడి నూరుతున్నావు. ఆ పూట నాకు కారం పడదని విడిగా తీశావు చూడు, ఆ పచ్చడి."

సీతారావమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. హైమ ఒళ్ళో తల పెట్టేసి చిన్నపిల్లలా ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఈ ఇంట్లో తను పాడుతుందని ఎవరూ గమనించలేదు. మొగుడికి బేరాలు, కూతురికి చదువులు. తన గొంతును సెకను సెకనుగా విన్నది ఈ ఒక్క మనిషే. అందులో చేదు కత్తిరించి పారేసి, తీపిని మాత్రం నలుగురికీ పంచింది.

"పెళ్ళికి నేను వెళ్ళలేకపోయాననే ఏడ్చాను గానీ," అంది చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "నిన్ను కూడా తీసుకెళ్ళొచ్చని నాకు తట్టనే లేదే హైమా."

"నువ్వు రమ్మంటే వచ్చేదాన్ని వదినా. పెళ్ళి విని ఎన్నేళ్ళైందో నాకు."

ఆ మాటకు ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం నారాయణరావు భోజనానికొచ్చేసరికి ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి. కంగారుపడ్డాడు. సీతారావమ్మ అతని విస్తట్లో అన్నం వడ్డించి, హైమ వైపు తిరిగింది.

"నీకు వెళ్ళాలనుంటే వెళ్ళు, ఆపను. నా నోటి మాట విని మాత్రం వెళ్ళకు. ఉంటే నాకు తోడు. నీ అన్నయ్య ఎదురుగానే చెబుతున్నా."

"నాకైతే ఇక్కడే ఉండాలనుంది వదినా" అంది హైమ.

నారాయణరావుకు సగమే అర్థమైంది. ఆ సగానికే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి భార్య మొహంలోకి చాలాసేపు చూశాడు.

ఆదివారం వదినా ఆడపడుచులు ఇద్దరూ బస్సెక్కారు. మైలవరంలో మారి జి. కొండూరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెల్లెలు శకుంతల గుమ్మంలోనే అక్క మీద అలిగింది. "పెళ్ళికి తీరిక లేదు గానీ ఇప్పుడొచ్చావా?" అని మంచినీళ్ళు కూడా కోపంగానే ఇచ్చింది.

సీతారావమ్మ సంజాయిషీ చెప్పుకోలేదు. "హైమా, పెట్టవే" అంది.

హైమ వేలు అటూ ఇటూ జరిపి, ఫోను చెప్పింది విని, రెండుసార్లు తట్టింది. మొదటి చరణం వింటూనే శకుంతల మంచం పట్టె మీద కూలబడింది. పాట అయిపోగానే తలెత్తింది.

"ఇక్కడితో ఆపేశావేంటక్కా? రెండో చరణం ఉంది కదా."

"నాకు గుర్తు లేదే. అమ్మ పోయాక ఎంత తలుచుకున్నా రాలేదు."

"నాకు గుర్తుంది" అంది శకుంతల. తనే పాట అందుకుంది. కాయలు పండి దిగేదాకా కాపు కాయమని గాలినే బతిమాలే చరణం. అక్కాచెల్లెళ్ళు రెండోసారి కలిపి పాడారు. మధ్యలో ఒకచోట ఇద్దరికీ అమ్మ గొంతే వినిపించినట్టై ఆగిపోయారు.

శకుంతల లేచి వచ్చి హైమ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "నీ వల్ల మా అమ్మ పాట మా ఇంటికొచ్చింది తల్లీ."

"నేనేం చేశానండీ" అంటూ హైమ సిగ్గుపడింది. తర్వాత గొంతు తగ్గించి, "వదినా, ఈసారి అడుగుతున్నాను. ఇదంతా రికార్డు చేసుకోనా?" అంది.

సీతారావమ్మ ఆమె పక్కన జరిగి కూర్చుని, చెమట పట్టిన ఆ నుదుటి మీది జుట్టు వెనక్కి సవరించింది.

"చేసుకో," అంది, "నేను సిద్ధంగానే ఉన్నా."