వీపు మీద పేరు లేని జెర్సీ

"ఈ గుడ్డ మీద ఇంక సూది దిగడానికి చోటు లేదండీ."

కుట్టు కొట్లో అడుగు పెట్టగానే ఓడెట్ నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఏం కావాలని కూడా అడగలేదు. నా జెర్సీని కిటికీ వెలుతురులోకి ఎత్తిపట్టుకుని, జల్లెడని చూసినట్టు చూసింది.

"నాలుగు పేర్లు కుట్టించి విప్పించినట్టున్నారు," అంది.

"ఇప్పుడు విప్పాల్సింది అయిదోది."

"అభిమానం మరీ అంత తొందరగా తీరిపోతుందా మీకు?"

నాకు ఒళ్లు మండింది. "నా అభిమానం ఎక్కడికీ పోలేదండీ. ఆటగాళ్లే పోయారు. పెనిక్ పంపించేశాడు!"

మా ఊరి ఐస్ హాకీ జట్టు గ్లేస్ బే పోనీస్‌కి మేనేజరు గార్త్ పెనిక్. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి అనేది అతని చేతిలో ఉంది. అందుకే మా జట్టు అలా ఉంది. ముందుగా పెల్టియర్ పేరు కుట్టించాను, పద్దెనిమిదో రోజున అతన్ని వేరే జట్టుకిచ్చేశాడు. తరవాత డ్రగన్. తరవాత హోవ్‌సెత్, పాపం పెళ్లయిన వారానికి. క్వాస్నిక్ ఒక్క రాత్రి నలభై షాట్లు ఆపిన గోల్‌కీపరు, అతన్నీ వదల్లేదు. ఇప్పుడు లామిరాండ్. వాళ్ల బదులు వచ్చేవాళ్లందరూ ఒకటే రకం. ఆరడుగుల అయిదంగుళాలుంటే చాలు, స్కేట్ల మీద నిలబడగలడా లేదా అని కూడా చూడకుండా సంతకం పెట్టించుకుంటాడు.

ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆ పిల్ల కత్తెర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"అయితే ఇది మేనేజరు తప్పు కాదు, మీ వీపు తప్పు. మీ వీపెక్కినవాడు ఊరు దాటాల్సిందే."

"నవ్వులాటగా ఉందా?"

"లేదండీ, ఉపాయం చెబుతున్నాను. ఆ పెనిక్ పేరే కుట్టించుకోండి. పీడా పోతుంది."

"ఆ పేరు నా ఒంటి మీదా! చచ్చినా కుట్టించుకోను."

లోపలి గదిలోంచి ఎవరో పకపకా నవ్వారు. ఆవిడ బెర్త్ పిన్ని, కొట్టు ఆవిడదే. పద్దెనిమిదేళ్లుగా పోనీస్ జెర్సీలన్నిటికీ పేర్లు కుట్టింది ఆవిడే. చూపు ఆనడం తగ్గాక, అరిషా అనే ఊరి నుంచి అక్క కూతుర్ని సాయానికి పిలిపించుకుంది. ఆ అక్క కూతురే ఓడెట్.

ఇది అక్టోబరు మాట. నేను మునిసిపాలిటీలో మంచు తోసే బండి నడుపుతాను. ఆ ఏడాది శీతాకాలం మొదలయ్యాక ఊళ్లో ఒక విషయం అందరూ గమనించారట, నేను తప్ప. గ్లేస్ బే మొత్తంలో బెర్త్ పిన్ని కొట్టున్న వీధి అంత శుభ్రంగా ఇంకేదీ లేదు.

"ఏం బాబూ లాకీ, మంచు పడకముందే తోసేస్తున్నావు?" అనేది పిన్ని. ఖర్జూరం టార్టు చేతిలో పెట్టి మరీ దెప్పేది.

"ఇది మెయిన్ రోడ్డుకి కలిసే వీధి కదండీ, అందుకని."

"కలవదు నాయనా. చివర సముద్రం ఉంది."

నేను వెళ్లడానికి ఎప్పుడూ ఒక కారణం ఉండేది. చేతి తొడుగు చిరిగిందనో, కోటు జిప్పు పోయిందనో వెళ్లేవాణ్ని. వెళ్లినవాణ్ని కనీసం ఒక మంచి మాటైనా చెప్పాలా వద్దా? మిషను ముందు కూర్చుని, జుట్టు పైకి ముడేసుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఆమె తలెత్తి చూసేసరికి నాకు భాషలో ఉన్నవీ లేనివీ అన్ని మాటలూ మర్చిపోయి ఒక్క హాకీయే గుర్తుండేది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం బయట మంచు దూదిలా రాలుతోంది. ఓడెట్ కిటికీ దగ్గర నిలబడి, "ఎంత బావుందో చూడు," అంది. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పక్కకి వెళ్లి నిలబడ్డాను. భుజం భుజానికి తగిలింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను.

"మూడో వరసలో ఆ పొడుగువాణ్ని ఆడించడమేంటి అసలు?" అన్నాను.

ఓడెట్ నా వైపు తిరిగింది. "నీకు ప్రపంచంలో ఇంకేమీ కనిపించదా?" అని విసురుగా వెళ్లి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ కొట్లో ఒక నియమం ఉండేది. లోపలి బల్ల మీద గళ్ల దుప్పటి కప్పి ఉందంటే, దాని కింద జట్టు జెర్సీలున్నట్టు. ఎవరూ దాని గురించి అడగకూడదు. కొత్తగా వచ్చేవాడి పేరు కుట్టాలన్నా, వెళ్లేవాడి పేరు విప్పాలన్నా క్లబ్బువాళ్లు ముందు ఇక్కడికే తెస్తారు. రేడియో కంటే ముందే బెర్త్ పిన్నికి తెలుస్తుంది. ఆవిడ పద్దెనిమిదేళ్లలో ఒక్క పేరు కూడా బయట పెట్టలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. నాకూ పరువుంది.

ఇక టెడ్డీ కర్విన్ సంగతి చెప్పాలి. నాలుగో నంబరు, డిఫెన్స్. మా ఊరివాడే, మా పక్క వీధి. నాకు పదేళ్లప్పుడు శనివారాలు రింకులో పిల్లలకి స్కేటింగ్ నేర్పేవాడు. నేను పడితే లేపేవాడు కాదు. పక్కనే కూర్చుని, "తీరిగ్గా లే, నాకు పనేం లేదు," అనేవాడు. నాకు అన్నల్లేరు. ఉంటే అలా ఉంటారనుకునేవాణ్ని.

అందుకే ఎవరెవరి పేర్లో కుట్టించాను గానీ ఆయన పేరు జోలికి పోలేదు. పైకి ఒప్పుకోకపోయినా, నా వీపుకి భయపడి ఏడేళ్లు ఆగాను. ఈ ఏడాదితో ఆట చాలిస్తానని ఆయనే ప్రకటించాడు. మార్చి వచ్చింది, సీజన్ ఇంకా ఆరు వారాలే ఉంది. ముప్పై ఆరేళ్లవాణ్ని, చివరి సీజన్లో, సొంత ఊరి నుంచి ఎవడు పంపిస్తాడు? ఇప్పుడు కూడా కుట్టించకపోతే ఇంకెప్పుడు?

మంగళవారం పొద్దున జెర్సీ తీసుకెళ్లి బల్ల మీద పరిచాను.

"టెడ్డీ పేరు కుట్టు. శనివారం ఆటకి కావాలి."

ఓడెట్ మొహంలో రంగు మారింది. "కుదరదు," అంది.

"ఎందుకు?"

"తెల్లదారం అయిపోయింది."

ఆమె మోచేతి పక్కనే నాలుగు తెల్లదారం ఉండలున్నాయి. నేను వాటి వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"మిషను కూడా బాగాలేదు," అంది.

"నేనొచ్చేసరికి దాని మీద కుడుతున్నావు!"

"ఇప్పుడే పాడైంది."

"ఓడెట్, ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

"ఇష్టం లేదు."

ఆ మాట జెర్సీ గురించే అన్నదో, మొత్తం నా గురించే అన్నదో అర్థం కాలేదు. మొత్తానికి చివుక్కుమంది. "సరే. ఇటివ్వు. పక్క ఊరు సిడ్నీలో ఇంకో కొట్టుంది, అక్కడ కుట్టించుకుంటాను."

ఓడెట్ జెర్సీని గుండెలకి హత్తుకుంది. "ఇవ్వను."

"అది నాది!"

"తెలుసు. ఇవ్వను. శుక్రవారం రా."

"నీకేమైనా పిచ్చా?"

"అవును. వెళ్లు."

బుధవారం పెద్ద మంచు కురిసింది. నేను ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఊరంతా చూసింది కాబట్టి దాచి లాభం లేదు. వీధి వీధంతా తోసుకొచ్చిన మంచుని బెర్త్ పిన్ని కొట్టు గుమ్మం ముందు కుప్ప పోశాను. ఛాతీ ఎత్తున పోశాను. సాయంత్రం ఆరింటికి, ప్రతి బుధవారం ఫోన్ చేసినట్టే రేడియో హాకీ కార్యక్రమానికి ఫోన్ చేసి, ఈసారి పెనిక్‌ని వదిలేసి, నా జెర్సీని ఒక కుట్టుపని అమ్మాయి బందీ చేసిందని ఫిర్యాదు చేశాను. కార్యక్రమం నడిపేవాడు నవ్వి నవ్వి పాట వేసేశాడు.

గురువారం మధ్యాహ్నం బండిలో రేడియో వింటున్నాను. పోనీస్ జట్టు టెడ్డీ కర్విన్‌ని పడమటి వైపు, నాలుగు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న జట్టుకి ఇచ్చేసింది. బదులుగా మనకి వచ్చేది, భవిష్యత్తులో తగిన ప్రతిఫలం. అంటే ఏమీ లేదు. పదిహేనేళ్లు ఒళ్లు విరగ్గొట్టుకున్న మనిషిని ఇచ్చేసి, ముందు ముందు ఏదో ఒకటి ఇస్తారులే అని ఊరుకున్నాడు ఆ పెనిక్!

బండి నడిరోడ్డు మీద ఆపేశాను. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ, పోనీలే, ఆయన పేరు నా వీపు మీద లేదు, నావల్ల కాదు అనుకున్నాను. ఆ వెంటనే తెల్లదారం గుర్తొచ్చింది. మంగళవారం లోపలి బల్ల మీద గళ్ల దుప్పటి కప్పి ఉన్న సంగతీ గుర్తొచ్చింది.

కొట్టుకి వెళితే గుమ్మం నేను పోసిన మంచులోనే కూరుకుపోయి ఉంది. అంత దగ్గరగా బండితో తోస్తే అద్దాలు పగులుతాయి. పార తీసుకుని దిగాను. కిటికీలోంచి ఓడెట్ చేతులు కట్టుకుని చూస్తోంది. అరగంట తోడాక తలుపు సగం కనిపించింది. తలుపుకి ఉత్తరాలు వేసే సందు ఉంది. నేను మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాను. అవతల ఆమె కూడా కూర్చున్న చప్పుడైంది.

"నీకు తెలుసు కదూ?" అన్నాను సందులోంచి.

"మంగళవారం పొద్దున్న తెలిసింది. ఆయన జెర్సీలన్నీ పేరు విప్పమని తెచ్చారు."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే ఏం చేసేవాడివి?"

"ఎవరికీ చెప్పేవాణ్ని కాదు."

"లాకీ."

"...రేడియోకి ఫోన్ చేసేవాణ్ని."

"మరి? పిన్ని పద్దెనిమిదేళ్ల మాట నా నోటితో పోగొట్టమంటావా?"

ఆ మాట నిజమే. అయినా కోపం తగ్గలేదు. "సరే, చెప్పొద్దు. అడిగింది కుట్టి ఇచ్చేస్తే పోయేదిగా? ఆ దొంగ అబద్ధాలెందుకు?"

అవతల ఓడెట్ సందుకి దగ్గరగా జరిగింది.

"నేను కుట్టి ఇచ్చి ఉంటే, ఈరోజు వార్త విని, టెడ్డీని ఎవరు పంపారనుకునేవాడివి?"

పార పక్కన పడేశాను.

"పెనిక్‌ని నెల రోజులు తిట్టేవాడివి," అంది ఓడెట్. "నిన్ను నువ్వు జీవితమంతా తిట్టుకునేవాడివి. ఆ పెల్టియర్ గురించి ఇప్పటికీ బాధపడతావు నువ్వు. అలాంటిది టెడ్డీ విషయంలో... ఆ పని నా చేత్తో చెయ్యలేకపోయాను. అబద్ధం నాకు చేతకాదని నాకూ తెలుసు. ఇంకేం తోచలేదు."

నన్ను ఇంతగా ఎరిగిన మనిషి గుమ్మం ముందు నేను మంచు కుప్ప పోశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ప్రేమ కూడా అంతే వచ్చింది, ఇంక ఆపుకునే ఓపిక లేదు.

"తలుపు తియ్యి," అన్నాను.

"తెరుచుకోదు. ఎవరో తెలివైనవాడు మంచు పోశాడు."

మిగతా సగం తోడేసరికి నా చేతులు పడిపోయాయి. లోపలికి వెళితే జెర్సీ బల్ల మీద ఉంది. అయిదు పేర్ల తాలూకు సూది చిల్లులన్నీ రఫ్ఫు చేసేసింది. రెండు రాత్రులు కూర్చుని ఉంటుంది. వీపు కొత్తదానిలా ఉంది.

"మరి ఇప్పుడు ఎవరి పేరు?" అంది, కళ్లు తుడుచుకుంటూ. ఆ కళ్లలో అప్పుడే అల్లరి వచ్చేసింది. తెల్లగుడ్డలోంచి గుండ్రంగా ఒక అక్షరం కత్తిరించి, జెర్సీ మీద పెట్టింది. "నా పేరు 'ఓ'తో మొదలవుతుంది."

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వద్దు!"

"ఏం, నా పేరు బాగాలేదా?"

"నా వీపెక్కినవాళ్లు ఒక్కరూ ఈ ఊళ్లో మిగల్లేదు. నువ్వు ఎక్కడికీ వెళ్లకూడదు. నువ్వు ఇక్కడే ఉండాలి. నాకు కావాలి. అక్టోబరు నుంచి చెబుదామని వచ్చి, ప్రతిసారీ మూడో వరస గురించి మాట్లాడి పోతున్నాను. నువ్వంటే నాకు ప్రాణం, ఓడెట్. వేలు కూడా పెట్టకు ఆ జెర్సీ మీద!"

ఓడెట్ చెయ్యి నా చేతిలోనే ఉంది. తీసుకోలేదు.

"హమ్మయ్య," అంది లోపలి నుంచి బెర్త్ పిన్ని. "మంచు కాలం అయిపోయేలోపు అన్నాడు. మా అక్కకి ఫోన్ చేస్తున్నానే, ఓడెట్!"

ఓడెట్ సిగ్గుపడి నవ్వి, నా చెవిలో అడిగింది. "అయితే పెనిక్ పేరు కుట్టనా?"

ఈసారి ఒప్పుకున్నాను. టెడ్డీని పంపిన మనిషిని కూడా ఎవరైనా పంపాలిగా!

శనివారం ఆ జెర్సీ వేసుకుని ఆటకి వెళ్లాను. జనం నన్ను చూసి ఎగతాళిగా ఈలలు వేశారు. మా వరసలో పెద్దాయన ఒకాయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు. పక్కన ఓడెట్ ఉంది కాబట్టి అన్నీ ఓర్చుకున్నాను. ఆట మాత్రం ఓడిపోయాం. మామూలే.

సోమవారం పొద్దున రేడియోలో వార్త. గార్త్ పెనిక్ ఒప్పందాన్ని పోనీస్ యాజమాన్యం మరో మూడేళ్లు పొడిగించింది.

బండి కొట్టు ముందు ఆపి, తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాను. "విన్నావా? మూడేళ్లట! ఒక్కడంటే ఒక్కడు, పోవాల్సినవాడు మాత్రం పోడు!"

ఓడెట్ నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని బల్ల మీద వాలిపోయింది. అలాగే చెయ్యి చాపి, నా ఒంటి మీది జెర్సీ అంచు పట్టుకు లాగింది.

"విప్పు," అంది. "నీ వీపుకి ఏ శక్తీ లేదని తేలిపోయిందిగా."

అప్పుడు చూశాను. బల్ల మీద గుండ్రటి 'ఓ'తో మొదలుపెట్టి తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఆరూ కత్తిరించి, వరసగా పేర్చి ఉన్నాయి.

"ఆ గుడ్డ మీద ఇంక సూది దిగడానికి చోటు లేదన్నావు," అన్నాను.

"ఒక్క పేరుకి ఉంది," అని దారం సూదిలోకి ఎక్కించింది.