పదమూడో ఛానెల్

ఉదయం పదకొండింటికి నాలుగు ఇళ్ళ వైఫై దారి మార్చారు. మధ్యాహ్నం రెండున్నరకి ఒక్క ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది.

"పడింది," అన్నాడు మామయ్య ఫోన్ పెట్టేస్తూ.

ఆయన ఎవరికీ మామయ్య కాదు. ఆ డిపార్ట్‌మెంట్‌కి చీఫ్. అసలు పేర్లు వాడకూడని ఆఫీసు కనుక ఎవరో ఎప్పుడో అలా పిలిచారు, అదే నిలిచిపోయింది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని చీమ అంటారు. పొట్టి మనిషి. చడీచప్పుడూ లేకుండా ఎక్కడికైనా దూరుతుంది. కుట్టేదాకా ఉందని తెలియదు.

"ఫిర్యాదు ఏమిటి?" అంది చీమ.

"ఫోన్లో వైఫై వస్తోందట, లాప్‌టాప్‌లో రావట్లేదట. ఆడ గొంతు. 'నాలుగింటిలోపు మనిషిని పంపకపోతే మీ అంతు చూస్తా' అంది."

మామయ్య ప్లాన్ చూడటానికి చిన్నదే. వైఫై సిగ్నల్‌కి పదమూడు దారులుంటాయి, వాటినే ఛానెళ్ళంటారు. ఇక్కడ అమ్మే లాప్‌టాప్‌లకి పదమూడూ కనిపిస్తాయి. అవతలి దేశం లాప్‌టాప్‌లు పదకొండుతో ఆగిపోతాయి. అక్కడి రూలు అంతే. ఆ దేశపు గూఢచారి ముఠా తన మనుషులకి తన దేశం లాప్‌టాప్‌లే ఇస్తుంది. ముఠా మనిషి ఊళ్ళో ఒక పద్నాలుగంతస్తుల బిల్డింగులో దిగిందని కబురు. అక్కడ కొత్తగా అద్దెకిచ్చిన ఇళ్ళు నాలుగు. వాటిలో ఏదో తెలియదు. ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో కూర్చుని నాలుగు రౌటర్లనీ పదమూడో ఛానెల్‌కి తిప్పించాడు మామయ్య. మూడిళ్ళలో ఎవరికీ తేడా తెలియలేదు. నాలుగో ఇంట్లో ఇక్కడ కొన్న ఫోన్‌కి ఏమీ కాలేదు, లాప్‌టాప్‌కి కళ్ళు పోయాయి.

"మిషన్ విను. ఆ లాప్‌టాప్‌లో ఒక జాబితా ఉంది. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న మన మనుషులు, తొమ్మిది మంది. సాయంత్రం నాలుగింటికి అది ముఠాకి వెళ్ళాలి. వెళితే తొమ్మిదిళ్ళలో దీపాలు ఆరిపోతాయి. వాళ్ళు ఆ ఇంటి లైన్ మీద వచ్చిందే నమ్ముతారు. అందుకే ఆవిడ ఫోన్ నెట్ వాడదు. జాబితా ఆ లాప్‌టాప్ దాటి ఫోన్లోకి ఎక్కదు."

"తొమ్మిదిలో మా బావ ఉన్నాడా?"

మామయ్య కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఉన్నాడు."

చీమకి మిగిలిన చుట్టం ఆయనొక్కడే. అక్క మొగుడు. అక్క పోయి మూడేళ్ళు. ఆవిడా ఇదే ఆఫీసులో ఏజెంటు. ఒకరోజు ఆఖరి బస్సు ఎక్కింది, మళ్ళీ దిగలేదు. ఎక్కబోయే బస్సు ఏదో అక్క కాక ఇద్దరికే తెలుసు: ఒకరు మామయ్య, రెండోవారు అక్క టీమ్‌లో పనిచేసిన స్నేహితురాలు. అందగత్తె, నెమలి అని పిలిచేవారు. అక్క పోయిన నెలకే రాజీనామా ఇచ్చి మాయమైంది. ఎవరు అమ్మేశారో సాక్ష్యం దొరకలేదు. ఆ తరవాతే చీమ ఉద్యోగంలో చేరింది. చేరినప్పటినుంచీ మామయ్యని కూడా అనుమానిస్తూనే ఉంది. మామయ్యకి ఆ సంగతి తెలుసు. తెలిసే రోజూ ఆమెకి టీ కలిపి ఇచ్చేవాడు.

ఆయన ఒక ఫొటో ముందుకు తోశాడు. బిల్డింగు గేటు కెమెరా తీసినది. పట్టుచీర లాంటి నడక, నల్ల కళ్ళద్దాలు, మెడ పొడుగు.

"నెమలి," అంది చీమ. గొంతులో తడి లేదు.

"నిన్ను ఆమె ఎప్పుడూ చూడలేదుగా?"

"లేదు. అక్క ఆఫీసు విషయాలు చెప్పులతోపాటు గడప బయటే విప్పేది."

"పగ కూడా అలాగే బయట విప్పి వెళ్ళు. నాకు ఆవిడ ప్రాణాలతో కావాలి. తన చేత్తో తానే పంపాలి, అప్పుడే కేసు నిలబడుతుంది." మామయ్య అరచేతిలో పట్టే టెస్టర్ ఒకటి బల్లమీద పెట్టాడు. "ఆ ఇంటి వైఫై పేరూ పాస్‌వర్డూ ఇందులో కొట్టావంటే ఇది అచ్చం ఆ ఇంటి వైఫైలా నటిస్తుంది, ఆరో ఛానెల్లో. లాప్‌టాప్‌కి అసలుది కనపడదు, దీన్నే పట్టుకుంటుంది. పంపింది కింద మన వ్యానులోకి వస్తుంది. ఇదిగో, ఎర్ర బటన్. ఇది నొక్కితే నేను రాసిపెట్టిన వేరే ఉత్తరం ఆ ఇంటి లైన్ మీదే ముఠాకి వెళుతుంది. సరిగ్గా నాలుగులోపు వెళ్ళాలి. దాటితే వాళ్ళు తలుపు మూసేస్తారు."

"వైఫై పాస్‌వర్డు ఆవిడ చెబుతుందా?"

"పక్కలో పడుకునేవాడికి చెప్పని పాస్‌వర్డు కూడా వైఫై బాగుచేసేవాడికి చెబుతారమ్మా," అన్నాడు మామయ్య.

*

మూడూ నలభైకి పద్నాలుగో అంతస్తులో బెల్ మోగింది.

చీమ ముందుపళ్ళకి తొడుగు పెట్టుకుంది. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు, బూడిదరంగు యూనిఫారం, కంపెనీ టోపీ. టోపీ గుండీలో మైకు.

తలుపు తీసిన మనిషి ఫొటోలో కన్నా అందంగా ఉంది. అది చూసి చీమకి ఇంకా మండింది. మూడేళ్ళ పాపం ఆ ముఖాన ఒక్క గీత కూడా గీయలేదు.

"నువ్వా? మెకానిక్ ఏడీ?"

"నేనే మెకానిక్‌ని మేడమ్."

"ఖర్మ. చెప్పులు విప్పి రా."

హాలు పొందికగా ఉంది. గాజు బల్ల, దానిమీద పేపర్ మడతంత సన్నటి లాప్‌టాప్. మూల అరలో రౌటర్ ఆకుపచ్చగా మినుకుతోంది. గోడమీద ఒక్క ఫొటో కూడా లేదు. ఎవరికీ వీడ్కోలు చెప్పనవసరం లేని ఇల్లు.

"మీ గోడలు చాలా మందం మేడమ్," అంది చీమ. అది కోడ్. మనుషుల్ని పైకి పంపమని.

"గోడల సంగతి ఎవరడిగారు? నాలుగింటికి నాకు మీటింగ్."

"ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టలేదు కదా?"

"నేను మొహం కడుక్కోవడం తెలియనిదానిలా ఉన్నానా?"

"రౌటర్ ఒకసారి ఆపి వేశారా?"

"మూడుసార్లు వేశాను. పాత కనెక్షన్ మరిచిపొమ్మన్నాను. లాప్‌టాప్‌ని ఆపి లేపాను. ఫోన్లో నిక్షేపంగా వస్తోంది, దీన్లో పేరే కనపడదు. పక్కింటివాళ్ళవి ఎనిమిది కనపడుతున్నాయి. నాదే లేదు!"

"వైరు పెడదామంటే దీనికి రంధ్రం లేదు."

"అది నాకూ కనిపిస్తోంది. నీ కళ్ళద్దాలు తుడుచుకో."

చీమ వంగి రౌటర్ కింద చూసింది, వెనక చూసింది, తీగ ఊడదీసి మళ్ళీ గుచ్చింది. పనివాళ్ళు ఆలస్యం చేయాలనుకుంటే ఎలా చేస్తారో అలాగే చేసింది. మూడూ నలభై తొమ్మిది. నెమలి అటూ ఇటూ తిరుగుతోంది. గడియారం వంక ఎనిమిదిసార్లు చూసింది. భయం మొదలైన మనిషి గర్వం వదిలేస్తుంది. చీమ దానికోసమే చూస్తోంది.

"సిగ్నల్ టెస్ట్ చెయ్యాలి మేడమ్. వైఫై పేరు, పాస్‌వర్డు ఇందులో కొట్టాలి. మీరే కొడతారా?"

నెమలి టెస్టర్ వంక చూసింది. చిన్న మీటలు, పెద్ద గోళ్ళు. విసుక్కుంది.

"రాసుకో, ఏడుస్తూ. ఆఖరి బస్సు నలభై ఏడు. అన్నీ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా."

చీమ వేళ్ళు ఆగిపోయాయి.

నలభై ఏడు. ఆ రాత్రి అక్క ఎక్కిన బస్సు. ఆ ముండ దాన్ని పాస్‌వర్డుగా పెట్టుకుంది, వేటగాడు గోడకి కొమ్ములు తగిలించుకున్నట్టు. రోజూ పొద్దున్నే ఆ వైఫై మీదే వార్తలు చదువుకుందన్నమాట. టోపీ గుండీ ఇదంతా వింటోంది. కింద వ్యానులో మామయ్య కూడా విన్నాడు. మూడేళ్ళుగా ఆయన మీద పెట్టుకున్న అనుమానం చీమ గుండెలోంచి లేచిపోయింది. ఖాళీ అయిన చోటంతా పగే వచ్చి కూర్చుంది.

ఆ రోజు అక్క గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానే" అంది. చీమ పాడైన రేడియో ఒళ్ళో పెట్టుకుని "ఊఁ" అంది. తల కూడా ఎత్తలేదు. వెళ్ళి రా అని రెండు మాటలు. అంతకన్నా ఏం కావాలి మనిషికి గడప దాటేటప్పుడు? అవి ఇవ్వలేదు.

రౌటర్ మీదున్న వైఫై పేరూ, ఆ పాస్‌వర్డూ కొట్టింది. టెస్టర్ వెలగలేదు. అలవాటుగా దాని నెత్తిన వేలిమెటికతో రెండుసార్లు తట్టి, గొణిగింది:

"లే తల్లీ, తెల్లారింది."

టెస్టర్ వెలిగింది. చీమ దాన్ని సంచిలో పెట్టి తల ఎత్తేసరికి, ఎదురుగా పిస్తోలు ఉంది.

"ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు?" అంది నెమలి మెల్లగా. "మొండికేసిన ప్రతి మిషన్నీ అలా తట్టి అలా లేపేది ఒక్కతే. దానికో చెల్లెలుందని చెప్పేది. నువ్వేనా? కళ్ళద్దాలు తియ్యి."

తీసింది. పళ్ళ తొడుగూ తీసింది.

"అవే కళ్ళు. నన్ను ఆలస్యం చెయ్యడానికి పంపారా నిన్ను? పాపం, మీ మామయ్యకి మనుషులే దొరకలేదా?"

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ టింగుమంది. వైఫై జాబితాలో కొత్త పేరు చేరింది. నెమలి ఇంటి వైఫై పేరే. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. నెమలి కళ్ళు మెరిశాయి. కుడిచేత్తో పిస్తోలు పట్టుకుని, ఎడమచేత్తో మీటలు నొక్కింది. కనెక్ట్ అయింది.

"వచ్చేసిందే! తీగ ఊడదీసి పెట్టావు చూడు, దానికే బాగుపడింది."

మూడూ యాభై ఆరు.

నెమలికి ఇంకా ఒక్క క్షణం సందేహించే తెలివి ఉంది. వేలు గాలిలో ఆగింది. ఎందుకింత తేలిగ్గా వచ్చింది? అది చీమకి కనిపించింది.

చీమ మోకాళ్ళ మీద పడింది.

"వద్దు. పంపొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. అందులో మా బావ ఉన్నాడు. నాకింకెవరూ లేరు. అక్కని తీసుకున్నావు, చాలదా? వద్దమ్మా, వద్దు!"

ట్రైనింగులో ఏడవడం నేర్పుతారు. ఇది ఆ ఏడుపు కాదు. మూడేళ్ళుగా ఆపిపెట్టిన అసలు ఏడుపు. అందుకే నెమలి నమ్మింది.

"మీ బావా? ఐదో పేరు," అంది నవ్వుతూ. వేలు దించింది.

గీత నిండింది. 'పంపబడింది.'

"ఇప్పుడు నీ వంతు," అంటూ పిస్తోలు ఎత్తింది. లాప్‌టాప్ మళ్ళీ టింగుమంది. ముఠా నుంచి జవాబు కోడ్‌వర్డ్‌లో రావాలి. నెమలి కళ్ళు అటు తిరిగాయి. తెరమీద ఉన్నది కోడ్‌వర్డ్ కాదు:

'అందింది. తలుపు తియ్యమ్మా, బయట నిలబడ్డాం. మామయ్య.'

రెప్పపాటు చాలు. చీమ చేతికందిన రౌటర్‌ని తీగతో సహా లాగి మణికట్టు మీద కొట్టింది. ఎముక చప్పుడయింది. పిస్తోలు గాజు బల్ల మీద పడి దొర్లింది. నెమలి వంగేలోపు అది చీమ చేతిలో ఉంది.

తలుపు బద్దలయింది. ముందు ఇద్దరు గార్డులు, వెనక రొప్పుతూ మామయ్య. లిఫ్ట్ కోసం ఆగలేక మెట్లెక్కి వచ్చాడు.

పిస్తోలు గొట్టం నెమలి కనుబొమల మధ్య ఆగి ఉంది.

"చీమా," అన్నాడు మామయ్య. "టైము చూడు. మూడూ యాభై ఎనిమిది. ఎర్ర బటన్."

"ముందు ఇది."

"ఇది చేస్తే ఆవిడకి ఒక్క నిమిషం నొప్పి. అది చేస్తే బతికినంతకాలం. నీ ఇష్టం."

"ఏముంది ఆ ఉత్తరంలో?" నెమలి గొంతులో మొదటిసారి బీట వినిపించింది.

"ఒకే ఒక్క పేరు," అన్నాడు మామయ్య. "నీది. మూడేళ్ళుగా నువ్వు మా మనిషివేననీ, వాళ్ళ రహస్యాలన్నీ మాకు మోశావనీ. నీ ఇంటి లైన్ మీద వెళుతుంది కనుక నమ్ముతారు."

"అబద్ధం! చంపేస్తారు నన్ను!"

"మా జైల్లో ఉన్నన్నాళ్ళూ చంపలేరు. బయటికి వస్తానని నువ్వే అనవు."

నెమలి చీమ కాళ్ళ దగ్గరికి జరిగింది. "నొక్కొద్దు. కాల్చెయ్. నీకు దండం పెడతా, కాల్చెయ్!"

"అక్క బస్సు నువ్వు అమ్మావు," అంది చీమ. "నిన్ను నేను ఊరికే ఇచ్చేస్తున్నా."

రౌటర్ నేలమీద పడి ఉంది, తీగలు ఊడి. చీమ ఒక చేత్తో పిస్తోలు పట్టుకునే వంగి తీగలు గుచ్చింది. ఎర్ర దీపం. ఎర్ర దీపం. ఇంకా ఎర్ర దీపం. ఆపి లేపిన రౌటర్ లేవడానికి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలిసిందే. మూడూ యాభై తొమ్మిది దాటింది. చీమ మెటికతో రెండుసార్లు తట్టింది.

"లే తల్లీ. తెల్లారింది."

ఆకుపచ్చ దీపం. సంచిలోంచి టెస్టర్ లాగి ఎర్ర బటన్ నొక్కింది. గోడ గడియారం నాలుగు కొట్టడం అప్పుడే మొదలుపెట్టింది.

పిస్తోలు మామయ్య చేతికిచ్చి చీమ గోడకి ఆనుకుంది. నెమలిని లేవదీశారు. విరగని చేతిని విరిగిన చేతికి కలిపి సంకెళ్ళు వేశారు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి వెనక్కి చూసింది. చీమ ఏదో అంటుందనుకుని ఎదురుచూసింది కాబోలు.

చీమ తల ఎత్తి సూటిగా చూసింది.

"వెళ్ళు," అంది. 'రా' అన్నది కలపలేదు.

అందరూ దిగిపోయాక మామయ్య జేబులోంచి కంపెనీ ఫారం తీశాడు. "ఇది కూడా పూర్తిచెయ్యాలట. కంపెనీవాళ్ళు పట్టుబట్టారు."

చీమ కళ్ళు తుడుచుకుని పెన్ను తీసుకుంది. ఫిర్యాదు: లాప్‌టాప్‌కి వైఫై రావట్లేదు. చేసిన పని: ఛానెల్ మార్చడమైనది. ఫలితం: సంతృప్తికరం. కస్టమర్ సంతకం అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసింది:

'కస్టమర్ చేతులు ఖాళీగా లేవు.'