బొడ్డుగుట్టకు వచ్చిన మార్కులు

మీటరు ఇరవై రెండు చూపించింది.

డాక్టర్ నడింపల్లి విజయభాస్కరరాజు లెన్సు మీద దుమ్మును చొక్కా అంచుతో తుడిచి, స్టాండు కాస్త వెనక్కి జరిపి, మళ్లీ బటన్ నొక్కాడు. ఈసారి పంతొమ్మిది. ఎండ మరీ తెల్లగా ఉందేమోనని గొడుగు అడ్డం పట్టించాడు. అయినా పంతొమ్మిదే.

"నూటికేనా సార్?" అంది గుంట అంచున నిలబడ్డ సువార్త.

"నూటికేనమ్మా."

పల్లపాటి సువార్త ఆర్కియాలజిస్టు. పల్నాడులో కృష్ణ ఒడ్డునున్న ఈ బొడ్డుగుట్టను పదేళ్లకు పైగా తవ్వుతోంది. దొరికింది కోటా కాదు, గుడీ కాదు. రెండు వేల ఏళ్ల కిందట మామూలు జనం బతికిన ఊరు. మట్టి గోడలు, ఒరల బావి, పొయ్యిలు, వలలకు కట్టే మట్టి గుండ్లు. మీటరు అరవై ఇస్తే గుట్ట ప్రభుత్వ రక్షణలోకి వస్తుంది. ఇవ్వకపోతే సోమవారం బుల్డోజర్లు వస్తాయి. స్థలాన్ని అప్పటికే ఒక స్టూడియోకి రాసిచ్చేశారు, సినిమా సెట్ వేసుకోవడానికి. ఏం సెట్టంటారా? ప్రాచీనకాలపు ఊరి సెట్టు. నవ్వకండి, అసలు సంగతి ఇంకా ముందుంది.

ఈ మీటరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మన పాత చరిత్ర సినిమాలు ఎలా ఉండేవో మీకు తెలియంది కాదు. శాతవాహనుల సైనికుడు సద్దిమూట విప్పి పచ్చిమిరపకాయ కొరుకుతాడు. మిరపకాయ ఈ దేశం మొహం చూసి ఐదు వందల ఏళ్లయిందో లేదో. రాణిగారు మొన్న షోరూములో దించిన పట్టుచీరలో ఏడుస్తుంది. అడిగితే, "సినిమా అన్నాక ఆ మాత్రం ఉంటుందండీ" అనేవాళ్లు. మా రాజును నల్లగా చూపించారని ఒకరు, మా రాజుకు గడ్డం లేదని ఒకరు కోర్టుకెక్కితే, విసిగిపోయిన ప్రభుత్వం చట్టం చేసింది. ప్రాచీనకాలం మీద తీసే ప్రతి సినిమా పోస్టరు మీదా మీటరు ఇచ్చిన మార్కు ఉండాలని. పనిలో పనిగా తవ్వకాల స్థలాలను కాపాడాలా వద్దా అన్నదీ ఆ మార్కుకే వదిలేసింది.

ఆ మీటరును కనిపెట్టినవాడు ఈ విజయభాస్కరరాజుగారే. చూడ్డానికి కెమెరా. లోపల, దొరికిన శిల్పాలు, నాణేలు, శాసనాలు, తవ్వకాల ఫొటోలు అన్నీ నేర్చుకున్న కంప్యూటరు. దేన్ని చూపించినా అది ఆ కాలానికి ఎంత దగ్గరగా ఉందో నూటికి ఇంతని చెబుతుంది. మొదటి ఏడాది మీటరు పని బంగారంలాంటి పని. వచ్చిన సినిమా వచ్చినట్టు తప్పింది. అందరికంటే పెద్ద హీరో సినిమాకు ముప్ఫై ఒకటి వచ్చిన రోజున అభిమానులు మీటరును నడిపే సమితి ఆఫీసు అద్దాలు పగలగొట్టారు.

సమితికి భయం పుట్టింది. ఒక సవరణ తెచ్చింది. మొదటి ఆట వదలగానే థియేటరు బయట మైకులు పెట్టి "ఎలా ఉందన్నా సినిమా?" అని అడిగే పబ్లిక్ టాక్ ఉంది కదా, అందులో "అప్పటి కాలం చూసినట్టే ఉందా?" అనే ప్రశ్న కూడా కలిపి, జనం చెప్పిన జవాబును మీటరుకు పాఠంగా పెట్టాలని. చెత్త చేరకుండా ఇంకో నియమం. మీటరు తానే అరవైకి పైగా మార్కు ఇచ్చినదాన్ని మాత్రమే కొత్త పాఠంగా తీసుకుంటుంది. ఉడికావా లేదా అని అన్నాన్నే అడగడమన్నమాట. రాజుగారు సంతకం పెట్టాడు. కూరలో ఉప్పంత జనం మాట కలిస్తే ఏం పోతుందిలే అనుకున్నాడు.

ఇప్పుడు గుంటలో నిలబడి ఆయన సువార్తను అడిగిన మాట ఇది.

"అమ్మా, ఏమనుకోవద్దు. కాలనిర్ణయం సరిగ్గానే చేయించారా?"

"పొయ్యిలో బొగ్గు మూడు ల్యాబులకు పంపాను సార్. మూడూ ఒకే మాట చెప్పాయి."

"ల్యాబులు కూడా పొరబడతాయి."

"మీటరు పొరబడదా?"

గుంటలో తట్ట పక్కన కూర్చున్న కోటమ్మ లేచింది. కోటమ్మ మొదటిరోజు నుంచీ సువార్తతో కలిసి తవ్వుతున్న మనిషి. "సారూ, ఇట్రా. ఈ గోడ అలికిన మనిషి వేళ్లు చూడు" అని ఆయన చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టింది. మట్టిలో అర్ధచంద్రాల్లా వేళ్ల గీతలున్నాయి. కోటమ్మ వేళ్లయితే వాటిలో సరిగ్గా పట్టాయి. రాజుగారు ఆ గీతల వెంట వేలు పోనిచ్చాడు, నిజమే. కానీ వేళ్ల గీతలు తాకినంత మాత్రాన కనిపెట్టినవాడికి తన యంత్రం మీద నమ్మకం పోదు.

ఆ నమ్మకాన్ని పోగొట్టింది గుట్టకు అవతలివైపున్న స్టూడియో గేటు. నమూనాకని ముందే నిలబెట్టారు. ఫైబర్ ఏనుగులు, బంగారు రంగు కొట్టిన స్తంభాలు, పట్టపగలు మండుతున్న కాగడాలు. వచ్చినవాణ్ణి ఊరికే ఉండటమెందుకని రాజుగారు దానిమీద మీటరు పెట్టాడు. తొంభై ఆరు.

ఆయన జీపులో కూర్చుని లాప్‌టాప్ తెరిచి, మీటరు ఇన్నాళ్లూ ఏం నేర్చుకుందో చూశాడు. ఉప్పనుకున్నది కూరంతా తానే అయి కూర్చుంది. ప్రాచీనకాలమంటే మీటరు దృష్టిలో ఇప్పుడు కాగడాలు, పొగ, పదిమంది చేతులు కలిపినా అందని స్తంభాలు, కూలివాడి జబ్బకు కూడా బంగారు కడియం. శిల్పాలూ నాణేలూ ఎప్పుడో అడుగున పడిపోయాయి.

"తప్పు నాదేనమ్మా. మీ ఊరు నిజమైందే" అన్నాడు సువార్తతో.

"నిజమని నాకు తెలుసు సార్. మీటరుకు చెప్పండి."

చెప్పబోయాడు. బొడ్డుగుట్ట ఫొటోలన్నీ పాఠంగా పెట్టబోతే, అరవైకి తక్కువ కాబట్టి తీసుకోనంది. తాను సంతకం పెట్టిన నియమమే తన మొహాన తలుపు వేసింది. దాన్ని తీసేసే అధికారం సమితిది. హైదరాబాదు వెళ్లి, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా సమితి అధ్యక్షుణ్ణి బతిమాలాడు.

"రాజుగారూ, మీటరు తప్పంటే ఇంతవరకు ఇచ్చిన మార్కులన్నీ తప్పేగా? నిర్మాతలు మనల్ని బతకనిస్తారా? అయినా మట్టిగోడలు చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడండీ?" అన్నాడు అధ్యక్షుడు.

"అది సినిమా కాదండీ. ఊరు."

"మీటరుకు ఆ తేడా తెలియదుగా."

చివరికి జాలిపడి ఒక చిన్న మేలు చేశాడు. తవ్వకాల్లో స్వయంగా పనిచేసినవాళ్లు పబ్లిక్ టాక్‌లో మాట్లాడితే వాళ్ల మాటను వేయిమంది మాటగా లెక్కవేస్తారట. సోమవారానికి అది ఎందుకూ పనికిరాలేదు. సువార్త గుంటలోకి దిగి ఒరల బావికి ఆనుకుని కూర్చుంది. పోలీసులు మర్యాదగానే రెండు రెక్కలూ పట్టి పైకి తెచ్చారు. గోడలు కూలడానికి ఎంతోసేపు పట్టలేదు, మట్టి గోడలేగా. సువార్త ఏడ్చింది. కోటమ్మ కూడా ఆమెను పట్టుకుని ఏడ్చింది.

తర్వాత తవ్వకం కూలీలందరికీ ఆ సెట్లోనే జూనియర్ ఆర్టిస్టుల పని దొరికింది. వద్దనుకుంటే పొయ్యిలోకి పిల్లి చేరుతుంది, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కోటమ్మకు బంగారు రంగు కడియాలు తొడిగి, చంకన ఇత్తడి బిందె పెట్టి, బావి దగ్గర నిలబెట్టారు. సినిమా తయారైంది. పోస్టరు మీద తొంభై ఎనిమిది.

విడుదల రోజున రాజుగారు సువార్తను బతిమాలి మాచర్ల తీసుకొచ్చాడు. "మీరు మైకులో ఒక్క మాట చెప్పండమ్మా. వేయిమంది మాటగా పడుతుంది. మీటరు ఇప్పటికైనా కదులుతుంది" అన్నాడు. ఆమెకు ఆ సినిమా చూడాలని లేదు. ఆ ఊరు ఉండేదన్న మాట ఎక్కడో ఒకచోట మిగలాలిగా అని వచ్చింది.

ఉదయం ఆట వదిలారు. మైకు పట్టుకున్న అమ్మాయి ముందు సువార్త నిలబడి, నెమ్మదిగా, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. గోడలు మట్టివి. ఇళ్లు చిన్నవి, వంగి లోపలికి వెళ్లాలి. ఏనుగు ఆ సందుల్లో పట్టదు. ఇది అది కాదు.

రాజుగారి ఫోనులో ఎర్ర గీత పడింది. సాక్షి సరైన మనిషేగానీ, చెప్పింది ప్రాచీనకాలంలా లేదు, ఇరవై ఒకటి, తీసుకోలేదు. అరవై నియమం మాటలకు కూడా వర్తిస్తుందన్న సంగతి ఆ మహానుభావుడికి అప్పుడు గుర్తొచ్చింది.

సువార్త పక్కకు తప్పుకుంది. మెట్లు దిగి వస్తున్న గుంపులో కోటమ్మ ఉంది. కొత్త చీర, తలలో పూలు. తెర మీద తనను తాను చూసుకున్న వెలుగు ఇంకా మొహం నుంచి పోలేదు.

"ఎలా ఉందమ్మా సినిమా? అప్పటి కాలం చూసినట్టే ఉందా?"

"చూసినట్టేంది, నేను చూశాను" అంది కోటమ్మ. "ఆ ఊరు తవ్వింది ఈ చేతుల్తోనే. అచ్చం ఇట్టాగే ఉండేది. ఆ బావి, ఆ కడియాలు, ఆ కాగడాలు, అన్నీ మా గుట్ట మీదివే."

గుంపు చప్పట్లు కొట్టింది. కోటమ్మ అప్పుడు సువార్తను చూసి, నవ్వుకుంటూ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"కోటమ్మా, నిజంగా అలాగే ఉందా?" అని అడిగింది సువార్త.

కోటమ్మ నవ్వు కాస్త తగ్గింది. అబద్ధమాడే మనిషి కాదు, ఆలోచించే చెప్పింది. "మనం తవ్వింది పాడుబడినాక మిగిలింది గదమ్మా. ఆళ్లు బతికున్నప్పుడు ఇట్టా ఉండబట్టేగా సినిమాలో ఇట్టా తీశారు. నాకైతే ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఇదే కనపడతంది."

రా, చూపిస్తాను అందామంటే గుట్ట లేదు. సువార్త కోటమ్మ చేతిని వదలకుండా అలాగే నిలబడింది.

రాజుగారి ఫోనులో ఆకుపచ్చ గీత వెలిగింది. సాక్షి స్వయంగా తవ్విన మనిషి, మాటకు తొంభై ఏడు, వేయిమంది మాటగా పాఠంలో చేర్చుకున్నాను అంది మీటరు. బొడ్డుగుట్ట నుంచి అది ఒప్పుకున్న సాక్ష్యం అదొక్కటే.