చెవి వెనక ముడతలు

"టార్గెట్ మన రాకెట్ సైంటిస్టు. మధ్యాహ్నం సన్మాన సభలో వేసేస్తారు. కిల్లర్ కోడ్‌నేమ్ సీతాకోక. నిన్నటిదాకా మన ఏజెంటే, ఇప్పుడు శత్రువుల మనిషి. ఏ వేషంలో వస్తుందో తెలీదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ తిన్నగా మేకప్ రూముకి నడిచాడు. అక్కడి ఆర్టిస్టు స్వయానా అతని అక్క మొగుడు. ఏళ్ల తరబడి చాకిరీ చేసినా జీతానికి ఎదుగూ బొదుగూ లేదు. డిపార్ట్‌మెంటుకి సీతాకోకల మీద ఉన్న ప్రేమ కష్టజీవుల మీద ఎందుకుంటుంది!

డేగని ముసలి ఫోటోగ్రాఫర్‌గా మార్చి, చివరికి చెవుల వెనక కూడా కాకికాళ్లలా ముడతలు గీశాడు బావ.

"అక్కడెవడు చూస్తాడు బావా?"

"ఎవడూ చూడడు. గియ్యకపోతే నాకు నిద్ర పట్టదురా."

"నాటకాల కంపెనీలో పొద్దుటి పని ఎలా ఉంది?"

"బాగానే చూసుకుంటున్నారు. ఆఫీసులో పర్మిషనే ఇంకా రాలేదు."

రూల్స్‌ని పట్టించుకోకుండా ఆ పార్ట్‌టైమ్‌కి వెళ్లమని పోరింది డేగే.

సభలో లెన్స్‌లోంచి మొహాలన్నీ జల్లెడ పట్టాడు. అనుమానం కలిగేలా ఒక్కరూ లేరు. ఇంతలో వీల్‌చెయిర్‌లో ఓ ముసలావిడ సైంటిస్టుకి పూలగుత్తి అందించబోయింది. ఆయన వంగాడు. ఆమె తల తిప్పింది.

చెవి వెనక అవే కాకికాళ్లు!

డేగ ఒక్క గెంతులో ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పూలలోంచి విషపు సూది జారిపడింది. విగ్ ఊడింది. సీతాకోక!

"మీ బావ పనితనం భలే ఉంది కదూ? పిచ్చి మనిషి, నాటకాల కంపెనీ అంటే, అందులో నాదీ ఓ వేషమంటే నమ్మేశాడు," అని నవ్వింది.

"ఎలా కనిపెట్టావోయ్?" అని తర్వాత చీఫ్ అడిగాడు.

చెబితే అక్క కాపురం వీధిన పడుతుంది. చెప్పకపోతే బావ మొహాలు మార్చిన మిగతా ముఠా దర్జాగా తిరుగుతుంది.

చెప్పేశాడు.

"నువ్వేగా వెళ్లమన్నావ్!" అన్నాడు బావ, సంకెళ్లు వేస్తుంటే. డేగకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇక మేకప్ ఎవరు చేస్తారు సార్?"

"ఫుల్‌టైమ్‌కి బడ్జెట్ లేదు. కన్సల్టెంట్‌ని పెట్టుకుందాం," అన్నాడు చీఫ్ కోటు తొడుక్కుంటూ. "ఇంకెక్కడైనా ఉద్యోగం చేస్తున్నవాణ్ని చూడు. చవగ్గా వస్తాడు."