పచ్చిక మీద రెండు సెకన్లు

ఉదయం తొమ్మిదింటికి సెలూన్ కుర్చీలో ఏజెంట్ ఫోర్ చనిపోయాడు. గడ్డం సగమే గీశారు. రెండో చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. తుపాకీకి సైలెన్సర్ ఉండటంతో, వెనక్కి తిరిగి కత్తి నూరుకుంటున్న మంగలికి కూడా వినబడలేదు.

తొమ్మిదీ ఇరవైకి కబురు హెడ్డాఫీసు బేస్‌మెంట్‌లోని లిజనింగ్ రూమ్‌కి చేరింది. అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న మనిషిని అందరూ ‘చెవి’ అంటారు. పంతొమ్మిదేళ్లుగా శత్రువుల ఫోన్లు వినడమే అతని ఉద్యోగం. ఫోర్ అతనికి స్నేహితుడే. బాధపడదామని చూశాడు. రాలేదు. పెన్సిల్ చెక్కుకున్నాడు.

ఏడేళ్ల కిందట ఈ హెడ్‌ఫోన్స్‌లోనే ఒక హత్య పథకం సగం విన్నాడు. రూఢి చేసుకున్నాక చెబుదామని ఆగాడు. రూఢి అయ్యేలోపు కుర్ర ఏజెంటు శవమయ్యాడు. రూల్ ప్రకారం ఇతని తప్పేమీ లేదన్నారు. ఆ రోజునుంచి అతనికి ఉప్పూ కారం కూడా సరిగా తెలియడం లేదు. “ఒడ్డున కూర్చుని ఎంతకాలంరా లోతు లెక్కపెడతావు? దిగితే కదా తెలిసేది!” అని అక్క తిడుతూనే ఉంటుంది.

చీఫ్ పిలిచాడు.

“పదకొండింటికి హోటల్లో శాంతి చర్చలు. రెండొందల మంది. బాంబు పెట్టారు. ఎక్కడో ‘నెమలి’కి తెలుసు.”

నెమలి విదేశీ ముఠాలో ఉంటూ మనకి రహస్యాలు అమ్మే డబుల్ ఏజెంట్.

“అక్కడి లాబీలోనే ఫోర్‌ని కలవాల్సింది. ఆవిడ మొహం చూసినవాడు వాడొక్కడే. గొంతు తెలిసినవాడివి నువ్వొక్కడివే. వెళ్ళు.”

“నేను ఫీల్డుకి ఎప్పుడూ వెళ్ళలేదు సార్.”

“తెలుసు. వేరే దిక్కు లేదు.”

పదకొండింటికి చెవి లిఫ్ట్ మెకానిక్ వేషంలో హోటల్లో ఉన్నాడు. నడుముకి మాస్టర్ కీ, జేబులో బేడీలు, చెవిలో బియ్యపుగింజంత రిసీవర్, కాలర్ కింద మైకు. ఆకుపచ్చ పట్టుగౌనులో ఒకావిడ పక్కకొచ్చి నిలబడింది. లాబీలో సగం తలలు అటే తిరిగాయి.

“ఈ లిఫ్ట్ ఎక్కడ ఆగుతుంది?”

“ఎవరూ దిగని చోట.”

కోడ్ సరిపోయింది. గొంతు కూడా ఆవిడదే.

“బాంబు హాల్లో వేదిక కింద ఉంది. పదకొండూ పదికి పేలుతుంది. వెంటనే అందర్నీ లాన్‌లోకి పంపించండి.”

నూనె పోసినట్టు జారిన మాట. చెవికి అక్కడే ముల్లు గుచ్చుకుంది. రెండేళ్లుగా ఆవిడని వింటున్నాడు. నిజం చెప్పేటప్పుడు మాటకి ముందు ‘అంటే... అంటే...’ అని తడబడుతుంది. అబద్ధమైతేనే ఇంత సాఫీ.

“సార్, ఈమె అవతలివాళ్ళకి అమ్ముడుపోయింది. బాంబు లాన్‌లో ఉంది” అన్నాడు, ఆవిణ్ణి అక్కడే ఉండమని పక్కకొచ్చి, మైకులో.

“రుజువు?”

“లేదు.”

“పిచ్చా నీకు? హాలు ఖాళీ చేయించు. ఇది ఆర్డర్!”

చెవి రిసీవర్ పీకి జేబులో వేసుకున్నాడు. హాలుకున్న తలుపులన్నీ లాన్‌లోకే. ఒక్కొక్కటే మాస్టర్ కీతో మూసేశాడు. తన ఊహ తప్పయితే లోపల రెండొందల మందీ బూడిదే. ఆ సంగతి తెలుసు. గుండె దడ కూడా రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

తిరిగొచ్చి బేడీ ఒక కొస ఆవిడ చేతికి, రెండోది తన చేతికి తగిలించాడు.

“ఏం చేస్తున్నారు?”

“మీరు చెప్పినట్టే. లాన్ క్షేమం అన్నారుగా. పదండి.”

పచ్చిక మీద నాలుగడుగులు పడేసరికి ఆవిడ కాళ్ళు మొరాయించాయి. టైము పదకొండూ తొమ్మిది.

“వదులు! ఇద్దరం పోతాం!”

“పోదాం” అన్నాడు శాంతంగా. “నాకేం తొందర లేదు.”

ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. బెదిరించేవాడి చూపు కాదది.

“అంటే... అంటే... ఆ నల్లకుండీలో... అంటే, పైన బ్యాటరీ ఉంటుంది, లాగేస్తే చాలు!”

తడబాటు వచ్చింది. నిజమే. ఆవిణ్ణి ఈడ్చుకుంటూ పరుగెత్తి, గులాబీ మొక్కని పెళ్ళగించి, మట్టిలో చెయ్యి దూర్చి బ్యాటరీ లాగాడు. టైమర్ అంకెలు ‘రెండు’ దగ్గర ఆగిపోయాయి.

అప్పుడు మొదలైంది వణుకు. మోకాళ్ళ దగ్గర పుట్టి దవడ దాకా పాకింది. గులాబీ ముళ్ళకి చెయ్యంతా చీరుకుపోయింది. మంట పుట్టింది. ఫోర్ గుర్తొచ్చాడు, సగం గీసిన గడ్డంతో. కుండీ పక్కనే చతికిలబడి, బేడీ వేసిన ఆడమనిషి ఎదుటే ఏడ్చాడు.

సాయంత్రం చీఫ్ రెండు కాగితాలు ముందు పెట్టాడు.

“ఆర్డర్ ధిక్కరించినందుకు రెండు వారాల సస్పెన్షన్. రెండొందల ప్రాణాలు కాపాడినందుకు ప్రమోషన్. ఏది ముందు?”

చెవి కట్టు కట్టిన చేత్తోనే సంతకం పెట్టాడు.

“సస్పెన్షనే సార్. సెలవడిగితే మీరెప్పుడిచ్చారు గనక!”