మూడువందల పదిహేడో టెస్టు

మార్కాపురంలో ఒక పలకల దుకాణం మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. ఆ ఆఫీసులో మూడువందల పదిహేడో టెస్టుకు మంచి పేరు లేదు.

నరేష్ దాన్ని ముట్టుకున్న వారానికి కామెర్లు వచ్చాయి. స్రవంతి ముట్టుకుంటే కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. అప్పటి నుంచి దాని ఊసెత్తితే చాలు, ఎవరికి వాళ్ళు టీకి దిగిపోతారు.

అక్కడ జరిగేది పొలం మోటార్ల పని. బోరు దగ్గర స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఇంట్లోంచి దానికి ఫోను కొడితే, పెట్టె మోటారు వేసి, వేశానని కబురు పంపుతుంది. ఆ పెట్టెను నడిపే ప్రోగ్రాం వీళ్ళది. అది సరిగ్గా ఉందో లేదో చూడటానికి నాలుగువందల టెస్టులున్నాయి. రోజూ రాత్రి పన్నెండుకు అవి వాటంతటవే మొదలవుతాయి. ప్రతి టెస్టుకూ ఒక గడువు — టైమౌట్. ఆలోపు జవాబు వస్తే తెర మీద పచ్చ గీత, రాకపోతే ఎర్ర గీత పడుతుంది.

అన్నీ రెండేసి సెకన్లలో తేలిపోతాయి. ఈ ఒక్కటే... ఒక రాత్రి పది నిమిషాలు, ఒక రాత్రి గంట. ఎందుకో ఎవరికీ తెలియదు.

తెలుసుకునే ధైర్యం లేక, దానికి అడిగినంత పెట్టడం అలవాటు చేసుకున్నారు. మొదట్లో ముప్ఫై సెకన్ల గడువు ఉండేది. నరేష్ పది నిమిషాలు చేశాడు. స్రవంతి గంట చేసింది. చేసినప్పుడల్లా పైన ఒక వరుస రాసిపెట్టారు — 'తప్పలేదు, క్షమించాలి' అని. ఎవరు క్షమించాలో రాయలేదు.

ఆ శుక్రవారం రాత్రి వంతు సుచరితది. చేరి ఐదు నెలలైంది. పొద్దున ఆరుకల్లా టెస్టులన్నీ పచ్చగా తేలకపోతే పెట్టెల కంపెనీ వాళ్ళు వేరేచోటు చూసుకుంటారని, అప్పుడు మేడకు తాళమేనని ఓనరు ఎడ్విన్ సాయంత్రమే చెప్పిపోయాడు. తాళం పడితే ఆమె మళ్ళీ ప్రైవేటు బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పుకోవాలి.

మెట్ల కింద కాపలా ఉండే ఏబేలు ఆమెను ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు.

"దాని జోలికి పోబాక తల్లీ. అడిగినంత పెట్టేసి ఇంటికి పో."

పన్నెండు కొట్టింది. టెస్టులు మొదలయ్యాయి. పచ్చ... పచ్చ... పచ్చ... మూడువందల పదహారు కూడా పచ్చ.

తర్వాతది ఆగింది.

వీధిలో కుక్కలు సద్దుమణిగాయి. ఒంటిగంట దాటింది. ఒంటిగంటా పది — ఎర్ర గీత.

గడువు మూడు గంటలు చేద్దామని మీట మీద వేలు పెట్టింది. అప్పటికీ జవాబు రాకపోతే? వేలు వెనక్కి తీసుకుంది. భయమేసింది, ఆ భయంలోనే ఒళ్ళు మండింది కూడా. రెండేళ్ళలో ఎవరూ చేయని పని చేసింది. ఆ టెస్టును తెరిచి, మొదటి నుంచి చివరిదాకా చదివింది.

పరీక్ష కోసం కంప్యూటర్లోనే ఉండే ఉత్తుత్తి పెట్టె పేరు ఉండాల్సిన చోట పది అంకెలున్నాయి. ఫోను నంబరు.

తన ఫోనులోంచి కొట్టింది. మోగింది... మోగింది... ఎత్తారు. అవతల ఒక మగ గొంతు, తాపీగా —

"కరెంటు లేదు. వచ్చేదాకా కాచుకొని ఉంటాను."

అంతే. పెట్టేశారు.

ఆమె కాళ్ళు కుర్చీ పైకి లాక్కుని కూర్చుంది. అది వాళ్ళ పెట్టెల్లో రికార్డు చేసిన గొంతే. పగలు నూరుసార్లు విన్నదే. రాత్రి ఒంటిగంటకు గుర్తుపట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది.

అంటే అది నిజం పెట్టె. ఏదో పొలంలో, నిజం బోరు మీద ఉంది. ఈ టెస్టు మొదట రాసింది ఇక్కడ మునుపు పనిచేసిన ఏడుకొండలు; నంబరు పక్కన 'మేనత్త పొలం' అని కూడా రాసుకున్నాడు. తన మేనత్త పొలంలో పెట్టె బిగించి, ఆ నంబరుతోనే పరీక్షించి, మార్చడం మరిచి బెంగుళూరు వెళ్ళిపోయాడు. పొలానికి కరెంటు రాత్రి ఎప్పుడొస్తే అప్పుడు. వచ్చేదాకా పెట్టె ఆగుతుంది, పెట్టె కోసం టెస్టు ఆగుతుంది.

ఆ నంబరు తీసి ఉత్తుత్తి పెట్టె పెట్టింది. రెండు సెకన్లు. పచ్చ. రెండున్నరకల్లా నాలుగువందలూ తేలాయి, ప్రోగ్రాం పెట్టెల కంపెనీకి వెళ్ళిపోయింది. మేడకు తాళం తప్పింది.

ఆఫీసు జాబితాలో ఆ పెట్టె నంబరు కింద పొలం ఆసామి పేరూ నంబరూ ఉన్నాయి. ఆదెమ్మ, కొనకనమిట్ల దగ్గరి పల్లె. రెండేళ్ళుగా మీ మోటారు రాత్రిపూట మేమే వేస్తున్నాం, తప్పయింది అని చెప్పాలి కదా. మాటలు కూడబలుక్కుని, తెల్లారినాక ఫోను చేసింది. మోటారు ఆఫీసు అనగానే అవతల గొంతు తగ్గిపోయింది.

"పెట్టె బాగుచేసేదానికి వస్తారా ఏంది? వద్దు తల్లీ. దాన్ని ముట్టుకోబాకండి."

ఆ తర్వాత ఆదెమ్మ చెప్పుకుంటూ పోయింది. ఆమె మొగుడు లక్ష్మీనరసయ్య రాత్రి కరెంటుకు మోటారు వేయబోయి, పాము కరిచి, గట్టు మీదే పోయాడు. ఆ నెలలోనే మేనల్లుడు పెట్టె తెచ్చి బిగించాడు. ఎట్లా ఫోను కొట్టాలో చూపించాడు గానీ, ఆమెకు ఒక్కసారీ కొట్టే పని పడలేదు. ఆ రాత్రి నుంచే మోటారు దానంతటదే ఆడుతోంది. చుట్టుపక్కల బోర్లన్నిటికీ తీగలు దొంగలెత్తుకుపోయారు, ఆమె పొలంలో అడుగుపెట్టడానికి మాత్రం ఎవరికీ గుండె చాలలేదు.

"ఆయనే వచ్చి ఏస్తన్నాడమ్మా... రాత్రిపూట నేను చేనికి పోగూడదని. శుక్రవారం పూట పెట్టె కాడ ఇంత అన్నం పెట్టొస్తా."

సుచరిత కూడబలుక్కున్న మాటలు వదిలేసింది. ఏడుపొచ్చింది.

"పెట్టె బాగానే ఉందమ్మా," అంది. "ముట్టుకోం."

ఆదెమ్మ పెట్టె నంబరున్న పాత టెస్టును తీసి విడిగా పెట్టింది. రోజూ రాత్రి పన్నెండుకు, మిగతావాటితో కలవకుండా, అది వేరేగా నడుస్తుంది. దానికి గడువు తీసేసింది.

తర్వాత రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. గిద్దలూరులో పిన్ని కూతురి పెళ్ళి. తిరిగొచ్చినప్పుడు నరేష్, స్రవంతి గుమ్మంలోనే నిలబెట్టి అడిగారు — దాన్ని ముట్టుకున్నావంట, ఏమైందని.

"జ్వరం," అంది. "నూటమూడు."

ఏబేలు ప్రార్థన చేసి నుదుటికి నూనె రాస్తానన్నాడు. కదలకుండా రాయించుకుంది.

ఆ టెస్టు మీద ఇప్పుడు మూడో వరుస ఉంది. సుచరితే రాసింది: 'ఇది ఎంతసేపైనా ఆగుతుంది, ఆగనివ్వండి. ముట్టుకున్నవాళ్ళకు మంచి జరగలేదు.'